వందల సీసాలు, ఒక్క నాలుక

పెళ్ళి భోజనంలో విస్తరి నిండా ఇరవై రకాలు వడ్డించినా మనం కంగారుపడం. పప్పుతో మొదలుపెట్టాలనీ పెరుగుతో ముగించాలనీ, పులుసు ఎక్కడ కలుపుకోవాలో, గారె ఎప్పుడు కొరకాలో చిన్నప్పుడే ఒంటబట్టి ఉంటుంది. వడ్డించేవాళ్ళకీ తినేవాళ్ళకీ మధ్య తరాలుగా కుదిరిన ఒప్పందం అది. పెద్ద వైన్ టేస్టింగులో ఇలాంటి ఒప్పందం ఏదీ ఉండదు. గుమ్మం దగ్గర టికెట్ చూసి చేతిలో ఒక ఖాళీ గ్లాసు పెడతారు. లోపల బల్లల వరసలు, ప్రతి బల్ల వెనకా ఒక వైనరీ, ప్రతి వైనరీ ముందూ రెండో మూడో సీసాలు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నది పూర్తిగా మన చేతిలోనే ఉంటుంది. అంత స్వేచ్ఛ నాలుకకి మంచిది కాదు.

నేను చెబుతున్నది శాన్ ఫ్రాన్సిస్కోలో జిన్‌ఫండెల్ అనే ఒకే ఒక ద్రాక్ష రకం కోసం జరిగే పండగ గురించి. 1991లో ఆ ద్రాక్షని పండించేవాళ్ళూ, దానితో వైన్ చేసేవాళ్ళూ, దాన్ని ఇష్టపడేవాళ్ళూ కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్ళు జరిపే టేస్టింగ్ చాలా ఏళ్ళపాటు ఫోర్ట్ మేసన్ రేవులో ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ వైపు వెళ్ళిన సైనికులు పదిహేను లక్షలమందికి పైగా ఓడలెక్కింది ఆ రేవులోనే. నీళ్ళ మీదికి చొచ్చుకుపోయిన పొడవాటి షెడ్లు, లోపల రైల్వే ప్లాట్‌ఫాం అంత రొద. తలుపు తీస్తే చలిగాలి, కొంచెం దూరంలో గోల్డెన్ గేట్ వంతెన.

ముందు లెక్క చూద్దాం. ఒక్కో సీసా నుంచి పోసేది సుమారు ముప్ఫై మిల్లీలీటర్లు అనుకోండి. ఇలా నలభై రుచులు చూస్తే పన్నెండు వందల మిల్లీలీటర్లు, అంటే ఒకటిన్నర సీసాకి పైమాటే. జిన్‌ఫండెల్‌లో ఆల్కహాల్ పదిహేను శాతం ఉండటం మామూలు. నలభై రుచులూ మింగిన మనిషి దాదాపు పది డ్రింకులు తాగినట్టు. ఇక సమయం. మూడు గంటల్లో నలభై అంటే ఒక్కోదానికి నాలుగున్నర నిమిషాలు. అందులోనే నడక, వరసలో నిలబడటం, గ్లాసు కడుక్కోవడం, ఎవరో భుజం తట్టి పలకరించడం. హాల్లో ఉన్న వందల సీసాల్లో ఆ నలభై ఏ మూలకి? అన్నీ చూడటం అసాధ్యం అని గుమ్మం దగ్గరే ఒప్పుకున్నవాళ్ళే లోపల సుఖపడతారు. టికెట్ డబ్బులు గిట్టుబాటు చేసుకోవాలని లెక్కపెట్టుకుంటూ తాగేవాళ్ళని ప్రతి ఏడూ చూస్తాను. నాలుగింటికల్లా వాళ్ళు గోడకి ఆనుకుని, అందరినీ చూసి చాలా ప్రేమగా నవ్వుతూ ఉంటారు. రుచి గురించి వాళ్ళని అడిగి లాభం లేదు.

కాబట్టి లోపలికి వెళ్ళేముందు ఒక ప్రశ్న పెట్టుకోవాలి. ఒకే ఒక్క ప్రశ్న. ఈ పండగలో ద్రాక్ష ఒకటే కావడం పెద్ద సదుపాయం. మారనిది ఒకటి ఉంటేనే మారేవేమిటో తెలుస్తుంది. ఒక ఏడు నేను డ్రై క్రీక్ లోయ నుంచి వచ్చిన బల్లలకే పరిమితమయ్యాను. చుట్టుపక్కల తోటలే, ఒకే ద్రాక్ష, మరి చేతులు మారితే ఏం మారుతుంది? ఇంకో ఏడు దీన్ని తిరగేశాను. ఒకే వైనరీ వేరువేరు తోటలనుంచి చేసిన సీసాలు తెచ్చిన బల్లలు మాత్రమే. లోడైలో పగటి ఎండలో, ఇసక నేలలో పండినదానికీ, ఆమడోర్ కొండల అంచున పండినదానికీ తేడా పుస్తకంలో చదివితే గుర్తుండదు. రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టుకుంటే మర్చిపోలేం. అందుకే ఇంటినుంచి ఇంకో గ్లాసు తెచ్చుకునేవాణ్ణి. ఇద్దరు స్నేహితులు వెళితే ఆ అవసరమూ లేదు. ఒకరు ఒకటి, ఇంకొకరు ఇంకొకటి పోయించుకుని మార్చుకుంటే సరిపోతుంది.

తయారీ సంగతులు చిన్నవే కానీ ముఖ్యమైనవి. ఖాళీ కడుపుతో వెళ్ళకూడదు. నాకు తెలిసి దీనికి పెరుగన్నాన్ని మించింది లేదు. ఆవకాయ మాత్రం ఆ పూటకి పక్కన పెట్టాలి. కారం మండిన నాలుకకి పదిహేను శాతం ఆల్కహాల్ నిప్పులా తగులుతుంది. వెళ్ళేముందు ఫిల్టర్ కాఫీ వద్దు, వక్కపొడి వద్దు, సెంటు అసలే వద్దు. సెంటు మన ఒక్కరి ముక్కునే కాదు, బల్ల దగ్గర నిలబడ్డ పదిమంది ముక్కుల్నీ పాడుచేస్తుంది. తెల్లచొక్కా వేసుకోకండి. కారు తీసుకెళ్ళకండి. తలుపులు తీసేవేళకే అక్కడ ఉండండి. మొదటి గంటలో పోసేవాళ్ళకి మాట్లాడే తీరిక ఉంటుంది, మన నాలుకకి వినే ఓపిక ఉంటుంది. జనం అంతా గుమ్మానికి దగ్గరున్న బల్లల మీద పడతారు. మీరు నేరుగా హాలు చివరికి నడిచి అక్కడినుంచి వెనక్కి రండి.

ఇక అసలు విషయం, ఉమ్మడం.

ప్రతి బల్ల మీదా ఒక బకెట్టో కూజానో ఉంటుంది. వైన్‌ని నోట్లోకి తీసుకుని, పుక్కిలించి, దాంట్లో ఉమ్మేయాలి. మన పాత ఇళ్ళలో తాంబూలం వేసుకునేవాళ్ళ పక్కన ఉండే తమ్మపడిగే ఇదీ. వైన్ వ్యాపారంలో ఉన్నవాళ్ళు రోజుకి వంద రుచులు చూసినా నిలబడి ఉండగలిగేది దీని చలవతోనే. ఉమ్మినా నోటినుంచి కొంత ఒంట్లోకి పోతూనే ఉంటుంది, అందుకే నీళ్ళు తాగుతూ ఉండాలి. కానీ మింగడానికీ ఉమ్మడానికీ తేడా హస్తిమశకాంతరం.

ఈ పండగ గురించి ఫోన్‌లో మా అమ్మకి చెబితే, కాసేపు ఆలోచించి, "ఉమ్మేసేదానికి డబ్బులు కట్టి పోవడం ఏందిరా?" అంది. నేను నవ్వాను కానీ ఆవిడ నవ్వలేదు. మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించిన కబురు ఊరూరూ పాకినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు, ఆ పాఠాల్లో తమ బతుకునే చదువుకుని, చీపుళ్ళు పట్టుకుని సారా పాకల ముందు నిలబడ్డారు. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారా నిషేధించింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఈ తేదీలన్నీ మా ఇంట్లో మా చిన్న మేనమామ తేదీలు కూడా. ప్యాకెట్ మూలని పంటితో చించి, తల వెనక్కి వాల్చి, ఒక్క గుటకలో మింగేవాడు ఆయన. మింగేటప్పుడు ముఖం ఎలా వికారంగా ముడుచుకుపోయేదో నాకు బాగా గుర్తు. ఆ ప్యాకెట్లో ఉన్నదాని రుచి ఆయనకి ఎన్నడూ నచ్చలేదు. అది నాలుక మీద ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది. నలభై మూడో ఏట పోయాడు.

అందుకని మా ఇంట్లో ఈ మాటలకి బరువు ఎక్కువ. తెలుగులో మంచినీళ్ళకీ మజ్జిగకీ మందుకీ ఒకటే క్రియ, తాగడం. "వాడు తాగుతాడు" అంటే ఏమిటని ఎవరూ అడగరు. రుచి చూడటం అనే మాట వంటింట్లో ఉంది, గరిటెలోంచి అరచేతిలోకి వేసుకున్న రెండు చుక్కల చారుకి సంబంధించినది. ఈ రెండు మాటలూ ఒకే పాత్ర విషయంలో కలిసే సందర్భం మా ఊళ్ళో లేదు. నేను వెళ్ళేది రెండోదానికని అమ్మకి చెప్పాను. "అట్టయితే సరే" అంది. సరే అంటే ఒప్పుకోవడం కాదని అమ్మ కడుపున పుట్టినవాళ్ళకి తెలుసు.

నేనేమీ నీతి చెప్పడం లేదు. సీసా ఖరీదైనదైతే తాగుడు సంస్కారం అయిపోదు. ఆ హాల్లోనూ సాయంత్రానికి తూలేవాళ్ళుంటారు, వాళ్ళని పట్టుకుని కారెక్కించే భార్యలుంటారు. మంచి బట్టలు వేసుకున్నారు కాబట్టి వాళ్ళని తాగుబోతులని ఎవరూ అనరు, అంతే తేడా. నా మటుకు నాకు, ఆ బకెట్టు ఆ హాల్లో అన్నిటికంటే ముఖ్యమైన వస్తువు. అది పక్కనే ఉంది కాబట్టే నేను అక్కడ నిలబడగలుగుతున్నాను.

ఉమ్మినా నాలుక అలిసిపోతుంది. దీనికి కారణం మనకి బాగా తెలిసిన రుచి, వగరు. ద్రాక్ష తొక్కల్లోనూ గింజల్లోనూ ఉండే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లతో అతుక్కుంటాయి. నోటిలోని జిగి పోయి నాలుకా చిగుళ్ళూ గరుకుగా అనిపిస్తాయి. వరసగా నాలుగైదు ఎర్ర వైన్లు చూస్తే ఈ గరుకుతనం పేరుకుపోతుంది, ఆరోది తన తప్పు లేకపోయినా వగరుగా తోస్తుంది. అందుకే ప్రతి అయిదింటికీ ఒకసారి ఆగి, ఒక ముక్క రొట్టె నమిలి, నీళ్ళు తాగి, బయటికి వెళ్ళి పది నిమిషాలు సముద్రం వైపు చూడాలి. ఆ పది నిమిషాలు వృథా కాదు.

నిపుణుల నాలుకలూ ఇందుకు మినహాయింపు కావు. రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే విశ్రాంత అధ్యాపకుడు, తనూ చిన్న వైనరీ నడిపే మనిషి, కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీలో న్యాయనిర్ణేతలకి ఒకే సీసాలోని వైన్‌ని, అదేనని చెప్పకుండా, మూడుసార్లు ఇప్పించి చూశాడు. 2008లో ఫలితాలు ప్రచురించాడు. తమ మార్కుల మీద తాము నిలకడగా నిలబడినవాళ్ళు పదిమందిలో సుమారు ఒకరు. ఇది చదివి వైన్ అంతా బూటకమని తేల్చేసినవాళ్ళున్నారు. నాకు అలా అనిపించలేదు. ఒకే రోజు బోలెడు కథలు చదివి మార్కులు వేసే కథల పోటీ న్యాయనిర్ణేతలని తలుచుకోండి. మూడో కథగా చదివితే బహుమతి ఇచ్చే కథని ముప్ఫయ్యోదిగా చదివి పక్కన పడేయడం జరగదా? రుచి అబద్ధం కాదు, అలసట నిజం. ఫలానా సీసాకి తొంభై నాలుగు మార్కులు అన్న కాగితం మీకు ఎవరైనా ఇస్తే, ఆ తొంభై నాలుగు ఏ పూట ఎన్నో గ్లాసుకి వచ్చిందో అని ఒకసారి అనుకుని, మడిచి జేబులో పెట్టుకోండి.

మార్కుల బదులు మాటలు రాసుకోవాలి. అవీ సొంత మాటలు. ఇంగ్లీషు వైన్ రాతల్లో బ్లాక్‌బెర్రీ, బోయిసెన్‌బెర్రీ, కరంటు అని వరసగా పళ్ళ పేర్లు వస్తాయి. అవి తిని పెరిగినవాళ్ళకి అవి జ్ఞాపకాలు, నాకు కేవలం పదాలు. నేను తెలుగులో రాసుకుంటాను. నేరేడు. మాగిన రేగుపండు. చింతపండు గుజ్జు. పాకం ముదిరిన బెల్లం. లవంగం. ఎండకి తడిసి ఆరిన గోనెసంచి. ఇలా రాసుకున్నవి అయిదేళ్ళ తర్వాత తిరగేసినా ఆ గ్లాసు నోటికి వస్తుంది. ఒకసారి బల్ల వెనకనున్న పెద్దాయన నా పుస్తకంలో గుండ్రటి అక్షరాలు చూసి, తన వైన్ గురించి ఏం రాశావని అడిగాడు. "మొదట నేరేడు, చివర వగరు" అని ఉంది. నేరేడు ఎలా ఉంటుందో చెప్పగలిగాను, తిన్నాక నాలుక ఊదారంగుకి తిరుగుతుందని కూడా చెప్పాను. వగరు దగ్గరే చిక్కొచ్చింది. పచ్చి అరటికాయ తొక్క కొరికితే ఎలా ఉంటుందో అది అన్నాను. ఆయన అరటిపండు తప్ప అరటికాయ ఎరగడు. మనవాళ్ళు ఉగాది పచ్చడిలో మామిడిపిందె వేసి, ఆరు రుచుల్లో ఒకటిగా దాన్ని పసిపిల్లల నోట్లో కూడా పెడతారని చెబితే, ఆయన కాసేపు ఊరుకుని, తన సీసానుంచి తనే కొంచెం పోసుకుని, మళ్ళీ కొత్తగా రుచి చూశాడు.

ఇంకొకటి మిరియం. కొన్ని ఎర్ర వైన్లలో, ముఖ్యంగా షిరాజ్‌లో, మిరియాల వాసన వస్తుంది. అది కవి సమయం కాదు. రోటండోన్ అనే పదార్థం మిరియాల్లోనూ ఆ వైన్లలోనూ ఉంటుందని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2008లో చూపించారు. అదే పరిశోధనలో ఇంకో సంగతి కూడా తేలింది. సుమారు అయిదుగురిలో ఒకరికి ఆ వాసన అసలు తెలియదు. పక్కనున్నవాడు మిరియం అంటుంటే మీకు అందకపోతే మీ ముక్కుని తిట్టుకోకండి, వాడిని అనుమానించకండి. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు.

బల్ల వెనక ఉన్నవాళ్ళతో మాట్లాడటం ఈ పండగలో సగం ఫలితం. చిన్న వైనరీలయితే పోస్తున్న చేతులే ద్రాక్ష కోసి ఉంటాయి, గోళ్ళ కింద మరక చూసి పోల్చుకోవచ్చు. వాళ్ళని "ఇందులో ఏది బెస్ట్?" అని అడగకండి. పిల్లల్లో ఎవరు మంచివాళ్ళని తల్లిని అడిగినట్టు ఉంటుంది. తీగల వయసెంత, ఆ ఏడు వేడి ఎలా ఉంది, ఎప్పుడు కోశారు అని అడగండి. జిన్‌ఫండెల్ గుత్తి ఒక్కసారిగా పండదు. ఒకే గుత్తిలో కిస్మిస్‌లా వడలిన గింజలూ, పచ్చిగింజలూ పక్కపక్కనే ఉంటాయి. పచ్చివి పండేదాకా ఆగితే పండినవి ఎండిపోయి చక్కెర పెరుగుతుంది, ఆల్కహాల్ పెరుగుతుంది. కోత రోజు ఎంచుకోవడంలోనే ఆ మనిషి స్వభావం అంతా తెలిసిపోతుంది.

తీగల వయసు అడిగితే చరిత్ర మొదలవుతుంది. హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ పందిళ్ళు చూసిన కళ్ళకి పాత జిన్‌ఫండెల్ తోటలు విచిత్రంగా ఉంటాయి. పందిరీ తీగెలూ లేకుండా, ఒక్కో మొక్క మోకాలెత్తు మోడులా విడివిడిగా నిలబడి ఉంటుంది. వందేళ్ళు దాటినవీ ఉన్నాయి. 1920నుంచి 1933 దాకా అమెరికా అంతటా మద్యనిషేధం ఉంటే అవి ఎలా బతికాయి? నిషేధ చట్టంలోనే ఒక సందు ఉంది. ఇంట్లో వాడుకోవడానికి ఏడాదికి రెండు వందల గ్యాలన్ల దాకా పళ్ళరసం చేసుకోవచ్చన్నారు. అది పులిస్తే ఎవరూ పట్టించుకోలేదు. కాలిఫోర్నియా ద్రాక్ష రైళ్ళకెక్కి తూర్పు నగరాల్లోని వలస కుటుంబాల నేలమాళిగలకి చేరింది. వైనరీలు మూతపడ్డాయి, తోటలు మిగిలాయి. నిషేధం ఒక చోట మూసేసింది ఇంకో చోట ఎలా తెరుచుకుంటుందో మా జిల్లావాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ ద్రాక్ష ఊరు పేరు కూడా చాలాకాలం తెలియలేదు. ఇటలీలోని ప్రిమిటీవో ఇదేనని ముందు తేలింది. పుట్టిల్లు మాత్రం క్రొయేషియాలో ఉంటుందని అనుమానం. డేవిస్ విశ్వవిద్యాలయంలో కెరోల్ మెరెడిత్, జాగ్రెబ్‌లో ఆమెతో కలిసి పనిచేసిన శాస్త్రవేత్తలు డీఎన్‌ఏ పరీక్షలతో వెతికి, చివరికి 2001లో స్ప్లిట్ నగరం దగ్గర ఒక పాత తోటలో, వేరే రకాల మధ్య కలిసిపోయిన కొద్దిపాటి తీగల్లో దాన్ని గుర్తించారు. కాలిఫోర్నియాలో వేల ఎకరాలేలుతున్న ద్రాక్ష సొంత ఊళ్ళో దాదాపు కనుమరుగైంది. ఈ కథని ఆ హాల్లో ఎన్నిసార్లు విన్నా నాకు విసుగు రాదు. చుట్టూ ఉన్న ఇటాలియన్లూ మెక్సికన్లూ నాబోటి నెల్లూరువాళ్ళూ ఎవరి కారణాలకి వాళ్ళు తలూపుతూ వింటారు.

చివరి గంటలో హాలు మారిపోతుంది. గొంతులు పెరుగుతాయి, ఎక్కడో గ్లాసు పగిలితే అందరూ హర్షధ్వానాలు చేస్తారు. కొత్త బల్లలకి వెళ్ళే సమయం కాదది. మొదటి గంటలో నచ్చినవాటిలో మూడింటి దగ్గరికి తిరిగి వెళ్ళండి. నాలుక అలిసిపోయాక, రొద మధ్య, రెండోసారి కూడా ఏది ఆపి నిలబెడుతుందో చూడండి. మూడింట్లో ఒకటి నిలబడితే ఆ ఏడు పంట పండినట్టే. దాని పేరు రాసుకుని, పోసినవాళ్ళకి థాంక్స్ చెప్పి, తలుపులు మూయడానికి అరగంట ముందే బస్సెక్కండి.

అలా పేరు రాసుకుని కొన్న ఒక సీసా, అమ్మ వచ్చిన ఏడు మా ఇంట్లో ఉంది. ఒకరోజు భోజనానికి దాన్ని తీస్తే అమ్మ లేచిపోలేదు, ఏమీ అనలేదు. నా గ్లాసు అందుకుని, పెదవికి తగలనివ్వకుండా, పులుసు ఉడికిందో లేదో చూసినట్టు ఒకసారి వాసన చూసింది. "నేరేడుపండు, కొంచెం లవంగం. అడుగున మాడిన బెల్లం" అంది. నా పుస్తకంలో మాడిన బెల్లం లేదు. గ్లాసు తీసుకుని చూశాను, ఉంది. "మీ మామ తాగిందానికి వాసనే వేరు" అని గ్లాసు నావైపు జరిపి, పెరుగు గిన్నె దగ్గరికి లాక్కుంది.